మీట పనిచేసింది, మాట పోలేదు: పాత డెస్క్ మైకుతో నా అవస్థ

ఆ మైకు సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన ఇంట్లోది. చాలా ఏళ్లు హామ్ రేడియో (లైసెన్సుతో సొంత రేడియో సెట్టు మీద ఇతరులతో మాట్లాడుకునే హాబీ) చేసి పోయినేడాది సైలెంట్ కీ అయ్యారు. మా వాళ్లలో పోయినవారి గురించి అలాగే చెప్పుకుంటాం, మోర్స్ మీట మూగబోయిందని. వాళ్లబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ సామాను కావలసినవాళ్లను తీసుకెళ్లమన్నాడు. నేను వెళ్లేసరికి సెట్లు, యాంటెన్నా తీగలు అన్నీ అయిపోయాయి. అటక మీది అట్టపెట్టెలో ఈ మైకు మిగిలింది. బరువైన ఇనుప దిమ్మ, ఎటు వంచితే అటు వంగే మెడ, ముందు వెడల్పాటి పీటీటీ పట్టీ (మాట్లాడేటప్పుడు నొక్కి ఉంచే స్విచ్చు), దాని పక్కన దాన్ని నొక్కినట్టే ఉంచే లాక్, పైన ఫ్రీక్వెన్సీ మార్చే అప్, డౌన్ అని రెండు చిన్న బటన్లు. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయి జిగురు మచ్చ మాత్రం ఉంది. 1,500 చేతిలో పెడితే ఆ అబ్బాయి తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

నా రేడియో సెట్టు ఐకామ్ కంపెనీ ఐసీ-718. దానితో వచ్చిన చేతిమైకు బాగానే పనిచేస్తుంది. కానీ ఒక చేత్తో అది పట్టుకుని, ఇంకో చేత్తో లాగ్ పుస్తకం రాస్తూ గంటసేపు నెట్‌లో, అంటే హామ్‌లంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునే కబుర్లలో, కూర్చుంటే యాభై దాటిన భుజం ఊరుకోదు. బల్ల మీద పెట్టుకునే మైకు కోసం చాలాకాలంగా చూస్తున్నా. దీని తీగ చివర ఎనిమిది పిన్నుల గుండ్రటి ప్లగ్గు ఉంది, నా సెట్టుకూ అలాంటి సాకెట్టే. ఇంటికొచ్చి పెట్టి తిప్పితే చక్కగా బిగిసింది. అది బిగియడమే నా కొంప ముంచింది.

మర్నాడు పొద్దున 7 మెగాహెర్ట్జ్ మీద నెట్ మొదలవగానే పట్టీ నొక్కా. ట్రాన్స్‌మిట్ దీపం వెలిగింది. నా కాల్‌సైన్, అంటే లైసెన్సులో ఇచ్చిన రేడియో పేరు, చెప్పా, అందరికీ నమస్కారం చెప్పా, కొత్త మైకు ఎలా ఉందో చెప్పమని అడిగా. వదిలేసి వింటే వాళ్లు వేరే ఎవరి యాంటెన్నా గురించో మాట్లాడుకుంటున్నారు. మళ్లీ పిలిచా. ఎవరూ పట్టించుకోలేదు. మూడోసారి మీటరు వైపు చూస్తే పవర్ గీత ఒక్కటీ లేవడం లేదు. మేం మాట్లాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాట లోపలికి పోకపోతే బయటికి పోయేది దాదాపు ఏమీ ఉండదు. చేతిమైకు పెట్టి పిలిస్తే తెనాలి నుంచి మా మాస్టారు వెంటనే అందుకున్నారు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి.

"ఏమోయ్, ఇవాళ ఆలస్యంగా లేచావా?"

"మూడుసార్లు పిలిచానండీ మాస్టారూ."

"గాలిక్కూడా తెలియలేదు."

సెట్టు బాగుంది, తప్పు మైకుది. పీటీటీ పనిచేస్తోంది కాబట్టి వైరింగు సరిగానే ఉంది, మైకు గుండె, అంటే క్యాప్స్యూల్, పోయి ఉంటుందని నిర్ధారించేసుకున్నా. ఈ ఆలోచనలో ఎక్కడ తప్పుందో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

క్యాప్స్యూల్ బతికుందో లేదో చూడటం తేలికే. మైకు తల విప్పి మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి రెండు కొసలకూ తాకించా. 580 దాకా చూపించింది. తాకించినప్పుడల్లా లోపల 'టిక్కు' మని చిన్న చప్పుడు. డైనమిక్ క్యాప్స్యూల్ అంటే బుల్లి స్పీకరే. మీటరు పంపే కాస్త కరెంటుకే పొర కదిలి చప్పుడు చేస్తుంది. క్రిస్టల్ మైకైతే మీటరు ఏమీ చూపించదు, అలాగని అది పోయినట్టు కాదు. మొత్తానికి నా క్యాప్స్యూల్ నిక్షేపంలా ఉంది.

ఆ రాత్రి ఇంకో వింత. మైకు సెట్టుకే తగిలించి ఉంది. స్పీకరు చిన్నగా పెట్టి వింటున్నా. ఏదో తీయడానికి ముందుకు వంగితే మైకులోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. చెవి ఆనించా. నిజమే, సెట్టులో వచ్చే మాటలే చీమ నడిచినంత సన్నగా మైకులోంచి వస్తున్నాయి. నేను మాట్లాడితే తీసుకోని మైకు వాళ్ల మాటలు నాకే వినిపిస్తోంది! మా ఆవిడను పిలిచి వినమన్నా. "మీ మైకు మీకంటే నయం, వినడం కూడా వచ్చు దానికి" అని వెళ్లిపోయింది.

అప్పుడు తీశా మాన్యువల్. ముందే తీయాల్సింది. ఐకామ్ ఎనిమిది పిన్నుల్లో 1 మైకు మాట, 2 ఎనిమిది వోల్టుల సరఫరా, 3 అప్ డౌన్, 5 పీటీటీ, 6 పీటీటీ గ్రౌండు, 7 మైకు గ్రౌండు, 8 రిసీవర్ ఆడియో బయటికొచ్చే దారి. అంటే నా మైకు మాటతీగ ఎనిమిదో పిన్నుకు పోయి ఉండాలి. అలా ఎవరు వేస్తారు? యేసూ (Yaesu) అనే ఇంకో రేడియో కంపెనీ వాళ్లు. వాళ్ల ఎనిమిది పిన్నుల్లో 8 మైకు మాట, 7 దాని గ్రౌండు, 6 పీటీటీ, 5 గ్రౌండు, 1 అప్, 3 డౌన్. కెన్‌వుడ్‌ది మళ్లీ వేరు: 1 మైకు, 2 పీటీటీ, 3 డౌన్, 4 అప్, 7 మైకు గ్రౌండు, 8 పీటీటీ గ్రౌండు. ప్లగ్గు ముగ్గురిదీ ఒకటే, లోపలి కాపురాలే వేరు.

యేసూలో పీటీటీ 6, గ్రౌండు 5. ఐకామ్‌లో పీటీటీ 5, గ్రౌండు 6. రెండూ తారుమారయ్యాయి. కానీ పీటీటీ ఉత్త స్విచ్చు, రెండు తీగల్ని కలపడమే దాని పని. ఏది పీటీటీ, ఏది గ్రౌండు అన్నది దానికి పట్టదు. అందుకే యేసూ కోసం తీగలు వేసిన మైకు ఐకామ్‌కు పెట్టినా దీపం వెలుగుతుంది. ఏ దీపం చూసి వైరింగు సరిగా ఉందనుకున్నానో అది వెలగడం కేవలం కాకతాళీయం. మొత్తం చచ్చిన మైకైతే మొదటిరోజే ప్లగ్గు విప్పేవాణ్ని.

ఇది కెన్‌వుడ్ మైకై ఉంటే ఇంకా ఇబ్బంది. దాని పీటీటీ నొక్కితే రెండో పిన్ను ఎనిమిదితో కలుస్తుంది. మైకులో రెండు గ్రౌండ్లూ కలిపేసి ఉంటే ఐకామ్ ఎనిమిది వోల్టులు నేరుగా గ్రౌండుకు షార్టవుతాయి. రెండో పిన్నును గ్రౌండుకు తాకించొద్దు, లోపలి రెగ్యులేటర్ పాడవుతుంది అని ఐకామ్ వాళ్లు మాన్యువల్లో హెచ్చరిస్తారు. అక్షరాలు చాలా చిన్నవి. పాత మైకేదైనా సరే, మీటరు బజర్ (తీగ రెండు కొసలూ కలిసి ఉంటే మోగేది) పెట్టి చూడకుండా సెట్టుకు గుచ్చకూడదని నేను ఇప్పుడనుకుంటున్నా, గుచ్చేసిన తర్వాత.

సరే, రోగం తెలిసింది. ప్లగ్గులో తీగలు మారిస్తే చాలు. ప్లగ్గు విప్పితే ఎరుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ, పసుపు, బయటి రొద లోపలికి దూరకుండా తీగల చుట్టూ ఉండే ఒక షీల్డు అల్లిక. వీటిలో మైకు మాట ఏదో తెలుసుకోవడానికి దిమ్మ అడుగున నాలుగు మరలు విప్పా. క్యాప్స్యూల్ నుంచి తెల్ల తీగ వస్తోంది, స్విచ్చు నుంచి ఎర్రది. ఇంకేం, ప్లగ్గులో తెల్లది ఒకటో పిన్నుకు, ఎర్రది ఐదుకు, నల్లది ఆరుకు మార్చా, షీల్డు ఏడు మీదే ఉంచా.

ఈ ప్లగ్గుల్లో పిన్ను నంబర్లు చూసుకోవడం కూడా ఒక పరీక్షే. ఏడు చుట్టూ ఉంటాయి, ఎనిమిదోది మధ్యలో. మాన్యువల్లో బొమ్మ సెట్టు ముందునుంచి చూసినట్టు వేస్తారు. ప్లగ్గు సోల్డర్ చేసే వైపు నుంచి చూసినా అదే వరస కనిపిస్తుంది, గుచ్చే వైపు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. బొమ్మను నమ్మడం కంటే పిన్నుల పక్కన ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన అంకెల్ని నమ్మడం మేలు. నా కళ్లకు అవి ఆనవు. ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకున్నా.

ఈసారి యాంటెన్నా తీసేసి డమ్మీ లోడు (పవర్‌ను గాలిలోకి పోనివ్వకుండా మింగేసే రెసిస్టర్) పెట్టా. అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. ప్లగ్గు గుచ్చానో లేదో, పట్టీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు, సెట్టు తనంతట తాను ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిపోయింది. లాక్ పడిందేమోనని చూశా, లేదు. ప్లగ్గు లాగితే ఆగింది, గుచ్చితే మళ్లీ మొదలు. కాసేపు ఎర్ర దీపం వైపు, అది నా వైపు చూస్తూ ఉండిపోయాం.

పుస్తకంలో ఒక పేజీ తీసి, అంతదాకా చేసిందంతా పక్కనపెట్టి, మొదటినుంచి మొదలుపెట్టా. మీటరు బజర్‌లో పెట్టి ఒక మొన క్యాప్స్యూల్ కొసకు క్లిప్పుతో పట్టించి, రెండోదాంతో ప్లగ్గులో ఒక్కో పిన్నూ తాకుతూ పోయా. క్యాప్స్యూల్ దగ్గర తెల్లగా బయల్దేరిన తీగ ప్లగ్గులో ఎర్రది తాకితే మోగింది! స్విచ్చు దగ్గరి ఎర్రది ప్లగ్గులో తెల్లదానికి మోగింది. మధ్యలో ఎక్కడో రంగులు మారాయి. దిమ్మ లోపల తీగ వచ్చే చోట నల్ల గుడ్డ టేపు చుట్టిన ముద్ద ఒకటుంది. అంతకుముందు అది తీగ జారకుండా వేసిన ముడి అనుకున్నా. టేపు విప్పితే లోపల ఆరు అతుకులు. పాత చుట్టల తీగ ఎప్పుడో పాడైపోతే ఆ పెద్దాయనో, ఆయనకు బాగుచేసి ఇచ్చినవారో కోసేసి కొత్త తీగ అతికించారు. ఎరుపును తెలుపుతో, తెలుపును ఎరుపుతో, పసుపును ఆకుపచ్చతో. ఆ తీగలో రంగులు ఎలా దొరికితే అలా వేశారు గానీ, పిన్ను దగ్గర పని మాత్రం సరిగ్గా యేసూ లెక్కకు కుదిర్చారు. తప్పు వాళ్లది కాదు, రంగు చూసి మోసపోయిన నాది.

నేను రంగును నమ్మి వేసిన వైరింగులో ఐదో పిన్నుకు, అంటే పీటీటీకి, క్యాప్స్యూల్ తగిలింది. దాని రెండో కొస గ్రౌండులో ఉంది. ఆరు వందల ఓములు అడ్డున్నా సెట్టు దాన్ని పట్టీ నొక్కినట్టే తీసుకుంది. పట్టీ నొక్కితే మాత్రం మైకు మాట పిన్ను గ్రౌండుకు తగిలేది.

మర్నాడు ఫోనులో పెద్దాయన కొడుకును మాటవరసకు అడిగా, "నాన్నగారిది యేసూ సెట్టా బాబూ?" అని. "గుర్తులేదంకుల్, బూడిదరంగు పెట్టె" అన్నాడు. ఆ ఇంట్లో ఏ సెట్టు ఉండేదో ఇప్పుడు చెప్పగలిగేది నా చేతిలోని ప్లగ్గు ఒక్కటే.

బజర్ చెప్పినట్టు మళ్లీ సోల్డర్ చేశా. ఎర్రది ఒకటికి, తెల్లది ఐదుకు. డమ్మీ లోడు మీద మాట్లాడితే పవర్ గీతలు లేచాయి! నా మాట నేనే వినాలి కాబట్టి పక్కన ఇంకో చిన్న రిసీవర్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అంటున్నా. వంటింట్లోంచి "మూడు తర్వాత నాలుగు వస్తుందండీ" అని వినిపించింది. కానీ మాట బాగాలేదు. ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టుంది, గట్టిగా అన్నప్పుడల్లా చీలుతోంది.

మాస్టారికి ఫోన్ చేశా. "మీ సెట్టు ఒకటో పిన్ను మీద వోల్టులు చూశావా?" అన్నారు. చూస్తే, మైకు తీసేసినప్పుడు ఎనిమిది దరిదాపు డీసీ ఉంది. ఐకామ్ చేతిమైకులో ఉండేది ఎలక్ట్రెట్ క్యాప్స్యూల్. అది పనిచేయడానికి కాస్త డీసీ కావాలి, దాన్ని సెట్టు మాటతీగ మీదే పంపిస్తుంది. డైనమిక్ మైకుకు ఆ డీసీ అక్కరలేదు. అది కాయిల్లోంచి పారితే లోపలి పొర ఒకపక్కకు లాగినట్టై స్వేచ్ఛగా కదలదు. దీని గురించి కూడా మాన్యువల్లో ఒక వాక్యం ఉంటుంది, వేరే కంపెనీ మైకు పెట్టేటప్పుడు జాగ్రత్త అని.

మందు తెలిసిందే. మాటతీగకు వరసలో ఒక కెపాసిటర్ పెడితే మాట దాటిపోతుంది, డీసీ ఆగిపోతుంది. డబ్బాలో చేతికందిన 104 పెట్టేశా, అంటే 0.1 మైక్రోఫారడ్. చీలిక పోయింది గానీ ఈసారి గొంతు పిట్ట కూసినట్టుంది. కాగితం మీద లెక్కేశా. క్యాప్స్యూల్ 600, సెట్టు లోపల 600, మొత్తం 1200 ఓములు. 0.1తో 1300 హెర్ట్జ్ కింద అంతా తగ్గిపోతుంది. మనిషి గొంతులో ఉన్న నిండుదనమంతా అక్కడే. అదే 10 మైక్రోఫారడ్ అయితే 13 హెర్ట్జ్ దాకా ఢోకా లేదు. అందుకోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాల్సిన పనే లేదు గానీ, కొత్త ప్లగ్గు, మంచి షీల్డు తీగ కూడా కావాలన్న నెపంతో వెళ్లా. ఆ గల్లీలోకి ఒక కెపాసిటర్ కోసం వెళ్లి ఒక కెపాసిటర్‌తోనే తిరిగొచ్చిన హామ్‌ను నేనైతే చూడలేదు. ఎలక్ట్రోలైటిక్ 10 మైక్రోఫారడ్, 25 వోల్టులది, ప్లస్ కాలు సెట్టు వైపు ఉండేలా దిమ్మలోనే వేశా. మైక్ గెయిన్ కాస్త పెంచా, ఎందుకంటే డైనమిక్ క్యాప్స్యూల్ ఇచ్చేది ఎలక్ట్రెట్ కంటే తక్కువ.

మర్నాటి నెట్‌లో మాస్టారు "ఇప్పుడు నువ్వే మాట్లాడుతున్నావు" అన్నారు. ఆయన దగ్గర అంతకుమించి మెచ్చుకోలు రాదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సాయంత్రం 14 మెగాహెర్ట్జ్ మీదికి వెళ్లి పూర్తి 100 వాట్లు పెట్టి పిలిస్తే, అవతలి ఆయన "మీ మాట నీళ్లలోంచి వస్తోంది ఓఎం" అన్నాడు (ఓఎం అంటే ఓల్డ్ మ్యాన్, హామ్‌ల పిలుపు). పవర్ 20కి తగ్గిస్తే బాగుందన్నాడు. మళ్లీ పెంచితే మళ్లీ నీళ్లు. పవర్‌తో పాటు పెరిగే జబ్బంటే ఆర్‌ఎఫ్, అంటే నేను పంపే రేడియో తరంగం, వెనక్కి మైకులోకి వస్తోందని అర్థం. నా యాంటెన్నా డాబా మీంచి సరిగ్గా ఈ గది కిటికీ పక్కకే దిగుతుంది. మైకు తీగలో అది దూరే సందు ఎక్కడుందో నాకు తెలుసు, ఆ గుడ్డ టేపు ముద్దలోనే. అతుకు దగ్గర రెండంగుళాల మేర షీల్డు లేదు, రెండు వైపులనూ కలిపింది ఒక్క సన్నటి తీగ. మాట తీగ బట్టల్లేకుండా నిలబడింది.

అతుకులన్నీ కోసేసి, కొత్త షీల్డు తీగను ప్లగ్గు నుంచి నేరుగా క్యాప్స్యూల్, స్విచ్చుల దాకా తెచ్చేశా. షీల్డు ఏడో పిన్నుకే, పీటీటీ గ్రౌండుకు వేరే తీగ ఆరో పిన్నుకు. రెండూ గ్రౌండే కదా అని దిమ్మలో కలిపెయ్యాలని చెయ్యి ఊరుకోలేదు, ఆపుకున్నా. ప్లగ్గులో ఒకటికి, ఏడుకు మధ్య 102 సిరామిక్ కెపాసిటర్ ఒకటి, తీగకు సెట్టు దగ్గర ఆర్‌ఎఫ్‌ను ఆపే ఫెర్రైట్ పూస ఒకటి. మూడింటిలో ఏది నయం చేసిందో విడివిడిగా చూడలేదు. ఓపిక లేదు. 100 వాట్ల మీద నీళ్లు పోయాయి.

మిగిలింది అప్, డౌన్ బటన్లు. యేసూలో వాటికి చెరో పిన్ను. ఐకామ్‌లో రెండింటికీ మూడో పిన్ను ఒక్కటే. దాన్ని నేరుగా గ్రౌండు చేస్తే ఫ్రీక్వెన్సీ పైకి, 470 ఓముల రెసిస్టర్ ద్వారా గ్రౌండు చేస్తే కిందికి. ఎంత ముచ్చటైన ఉపాయం! ఒక బటన్ కాలికి 470 రెసిస్టర్ అతికించి, రెండు తీగలూ కలిపి మూడుకు పంపా. దిమ్మ మూసి, మరలు బిగించి, కింద అతికించిన కాగితం మీద పిన్నుల వరస, "ఐకామ్ కోసం" అని పెద్ద అక్షరాలతో రాశా. ఇది రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు కదా.

తర్వాత చూస్తే అప్ నొక్కితే కిందికి, డౌన్ నొక్కితే పైకి పోతోంది. రెసిస్టర్ వెయ్యాల్సిన బటన్‌కు కాకుండా రెండోదానికి వేశా. దిమ్మ అప్పటికి ఆరుసార్లు విప్పినందుకు ఒక మర గాడి అరిగి గిరగిర తిరుగుతోంది. ఇంకోసారి విప్పను. రెండు బటన్ల మీదా తెల్ల టేపు వేసి బాణాలు గీశా.